వీలునామాలో ‘నా భార్య మేరీ’ అని మాత్రమే ఉంటే ఆవిడ పుట్టిల్లు కనుక్కునేదెలా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి అమెరికా అబ్బాయిని చేసుకుంది. ఇప్పుడు వాళ్ల దగ్గరే కెంటకీలో ఉంటున్నాను. మా వియ్యపురాలికి తన పుట్టింటి వంశం గురించి తెలుసుకోవాలని ఎంతో కోరిక. వాళ్ల మూలపురుషుడు 1780ల్లో వర్జీనియా నుంచి ఇక్కడికి వచ్చాడట. ఆయన వీలునామా నకలు ఇంట్లో ఉంది. అందులో ‘నా ప్రియమైన భార్య మేరీ’ అని ఉంది గానీ ఆవిడ పుట్టింటి పేరు లేదు. పిల్లలు ఎనిమిదిమంది అని ఇంట్లో చెప్పుకుంటారు, వీలునామాలో ఐదుగురే ఉన్నారు. పెద్దకొడుక్కి ఐదు షిల్లింగులు రాసి వదిలేశాడు. ఇంటర్నెట్‌లో చాలామంది తమ వంశవృక్షాల్లో మేరీకి ఒకే ఇంటిపేరు పెట్టారు, ఆయన్ని వర్జీనియాలో బాగా ఆస్తిపరుడైన ఒకాయన కొడుకుగా చూపిస్తున్నారు. నమ్మొచ్చా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఆవిడకి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు, ఏదో ఒకటి త్వరగా చెప్పగలిగితే బాగుండనిపిస్తోంది.

సమాధానం:

అమ్మా, నమస్కారం.

మీ తొందర అర్థమైంది, అయినా ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ ఇంటిపేరు మీ వియ్యపురాలికి ఇప్పుడే చెప్పకండి. ఇంటర్నెట్‌లో ఒకరు పెట్టిన పేరుని మిగతావాళ్లు చూసి తమ చెట్టులోకి ఎక్కించుకుంటూ పోతారు, అందుకని ఎంతమంది రాశారన్న లెక్కకి విలువ లేదు. ఆ చెట్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి ఆ పేరు కింద ఏ కాగితం జతచేశారో చూడండి. ఇంకో చెట్టునే ఆధారంగా చూపించారంటే అక్కడ ఏమీ లేనట్టే. ఎక్కడైనా ఒక పెళ్లి బాండో (పెళ్లికి అడ్డంకులేమీ లేవని డబ్బు పూచీ మీద రాసిచ్చే కాగితం), దస్తావేజో, ఇంకెవరిదైనా వీలునామానో పెట్టి ఉంటే మాత్రం అది పట్టుకుని మీరే మొదటి నుంచి చదవండి. పెద్దావిడకి ఒకసారి ఒక పేరు చెప్పి, ఆవిడ దాన్ని మనసులో పెట్టుకున్నాక, అది కాదని చెప్పాల్సి వస్తే ఆ బాధ మీరు చూడలేరు.

ఇక మీ గురించి. ఈ పనికి మీకంటే తగినవాళ్లు ఆ ఇంట్లో ఉండరని నాకు గట్టి నమ్మకం. ఎవరైనా ఒక స్థలం కొనేముందు లింక్ డాక్యుమెంట్లు చూసుకున్నారా, ఈసీ తీయించారా, హద్దుల్లో ఉన్నవాళ్ల పేర్లు సరిపోయాయా, వారసులందరూ సంతకం పెట్టారా అని మీరు సర్వీసంతా అడిగి ఉంటారు. అమెరికాలో 1850కి ముందు ఒక కుటుంబాన్ని నిరూపించాలంటే సరిగ్గా అదే పని చేయాలి. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు బుక్ 3లో వీలునామాలు ఎక్కినట్టే అక్కడ ప్రతి కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదానిలో, విల్ బుక్ ఉంటుంది, దస్తావేజులకి డీడ్ బుక్ ఉంటుంది, అమ్మినవాళ్ల పేర్లతో ఒకటి, కొన్నవాళ్ల పేర్లతో ఒకటి ఇండెక్సులుంటాయి. తేడా ఏమిటంటే ఇక్కడ మీరు నిరూపించాల్సింది భూమి ఎవరిదన్నది కాదు, ఎవరు ఎవరి బిడ్డ అన్నది. భూమి దానికి దారి చూపిస్తుంది. 1850 అని ఎందుకన్నానంటే, అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో బానిసలు కాని అందరి పేర్లూ రాయడం ఆ ఏడాదే మొదలైంది. 1790 నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరు రాసి, మిగతావాళ్లని వయసుల వారీగా అంకెల్లో వేసేవాళ్లు. యజమానికి ఎవరు ఏమవుతారో రాయడం 1880లో గానీ రాలేదు. కెంటకీకైతే 1790, 1800 లెక్కలు అసలు మిగల్లేదు, దొరికేది 1810 నుంచే. అందుకే మీ చేతిలో ఉన్న ఆ వీలునామాకి అంత విలువ.

అయితే వీలునామా కుటుంబాన్ని పరిచయం చేయడానికి రాసింది కాదు, ఆస్తి పంచడానికి రాసింది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతుల్ని రాసేవాడు రాయడు. ఇది ఎంత మోసం చేయగలదో చెప్పడానికి అబ్రహాం లింకన్ కుటుంబమే చాలు. మీరున్నది కెంటకీ కాబట్టి ఆ ఊళ్లు మీకు దగ్గరే, మీ కథకి పనికొచ్చేవన్నీ అందులో ఉన్నాయి.

లింకన్‌కి తన తాతగారి ముందు తరం సరిగా తెలీదు. 1859లో తన గురించి రాసిచ్చిన చిన్న వ్యాసంలో ఆయన చెప్పింది ఇంతే: తాత అబ్రహాం వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ నుంచి 1781, 82 ప్రాంతంలో కెంటకీ వచ్చాడు, అంతకుముందు వాళ్లు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీ వాళ్లు, న్యూ ఇంగ్లండ్ లింకన్‌లతో సంబంధం ఉందేమోనని వెతికితే రెండు కుటుంబాల్లోనూ ఎనక్, లెవీ, మోర్డెకై, సాలమన్, అబ్రహాం అనే పేర్లు కలిశాయి తప్ప అంతకుమించి తేలలేదు. పేర్లు కలిశాయి కాబట్టి మనవాళ్లే అని ఆయన అనలేదు చూడండి, నాకు ఆ మాట చాలా నచ్చుతుంది. తర్వాత కాలంలో పరిశోధకులు కలిపారు. ఎలాగంటే వీలునామాలూ దస్తావేజులూ పట్టుకుని. మసాచుసెట్స్‌లోని హింగమ్‌కి 1637లో వచ్చిన శామ్యూల్ లింకన్ దగ్గర్నుంచి లెక్కపెడితే అధ్యక్షుడిది ఏడో తరం.

ఆ గొలుసులో మూడో తరం మోర్డెకై లింకన్. న్యూజెర్సీలో ఉండి పెన్సిల్వేనియా వెళ్లాడు, 1736లో పోయాడు. ఆయన వీలునామాలో కూడా భార్య పేరు మేరీయే. అది ఒక్కటే చూసినవాళ్లు పిల్లలందరికీ మేరీయే తల్లి అనుకుంటారు. కానీ పెద్దకొడుకు జాన్ మొదటి భార్య హన్నా సాల్టర్ బిడ్డ. వీలునామాలో పెన్సిల్వేనియా భూమి చిన్నవాళ్లకి వెళ్లింది, జాన్‌కి మాత్రం ఎక్కడో న్యూజెర్సీలో ఉన్న 300 ఎకరాలు వచ్చింది. జాన్ తర్వాత ఆ భూమిని అమ్మినప్పుడు అది తండ్రి నుంచి తనకెలా వచ్చిందో దస్తావేజులో రాసుకున్నాడు. ఆ జానే వర్జీనియా వెళ్లాడు, అధ్యక్షుడికి ముత్తాత. అంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, ఈ మూడు చోట్ల కనిపించే మనుషులు ఒకే కుటుంబమని చెప్పింది ఆ 300 ఎకరాలే. ఇంకొకటి, ఆ వీలునామా దొరికింది ఫిలడెల్ఫియా కౌంటీ రికార్డుల్లో. లింకన్ చెప్పిన బర్క్స్ కౌంటీ 1752లో పుట్టింది, 1736 నాటికి అది లేదు. బర్క్స్ కోర్టులో కూర్చుని ఎంత వెతికినా ఆ కాగితం కనిపించదు.

అందుకని మీ మేరీ గురించి మొదట తేల్చాల్సింది ఆవిడ ఆయనకి ఎన్నో భార్య అన్నది. దానికి డీడ్ బుక్ తెరవండి. అప్పటి చట్టంలో భర్త భూమిలో మూడోవంతు మీద భార్యకి బతికున్నంతకాలం అనుభవించే హక్కు ఉండేది, అందుకే భర్త భూమి అమ్మితే కోర్టు మనుషులు భార్యని పక్కకి పిలిచి, భర్త లేకుండా, ఇష్టపూర్తిగానే హక్కు వదులుకుంటున్నావా అని అడిగి రాసుకునేవాళ్లు. ఆయన అమ్మిన ప్రతి దస్తావేజులో భార్య పేరు, తేదీ ఒక కాగితం మీద వేసుకుంటూ పోండి. ఒక ఏడాది వరకు ఇంకో పేరుండి ఆ తర్వాత మేరీ వచ్చిందంటే మీకు జవాబు వచ్చినట్టే. మొదటి నుంచీ మేరీయే ఉందంటే మాత్రం అప్పుడే సంబరపడకండి, మేరీ అనే పేరు అప్పట్లో ప్రతి ఇంట్లో ఉండేది, ఇద్దరు భార్యలకీ ఒకే పేరున్న మగవాళ్లు కూడా ఉన్నారు.

ఇక ఐదుగురా ఎనిమిదిమందా. ఇక్కడ లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ సంగతి చెప్పాలి, వీలునామాని నమ్మి ఎంత దూరం తప్పుదారి పట్టొచ్చో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు తెలీదు. కెంటకీలోని నెల్సన్ కౌంటీలో జోసెఫ్ హాంక్స్ అనే ఆయన 1793 జనవరిలో వీలునామా రాశాడు. ఐదుగురు కొడుకులకి తలో గుర్రం, ముగ్గురు కూతుళ్లకి తలో పెయ్య, గుర్రాలకీ పెయ్యలకీ పేర్లు కూడా రాశాడు. నాన్సీ అనే కూతురికి పీడీ అనే పెయ్య. ఇది బయటపడ్డాక 1899లో ఒక పుస్తకం వచ్చింది, ఈ నాన్సీయే లింకన్ తల్లి అని. కాగితం అసలైనదే, పేరు అదే, కౌంటీ సరిపోయింది, కాలమూ దాదాపు సరిపోయింది. ఎవరు మాత్రం కాదంటారు? కానీ ఆ నాన్సీ లింకన్ తల్లికి పిన్ని వరస. తర్వాత ఇంకో ఇంటి కోడలై వెళ్లింది, ఆ కాగితాలు వేరే ఉన్నాయి. లింకన్ తల్లి జోసెఫ్ పెద్దకూతురు లూసీకి పుట్టింది. లూసీ పేరు ఆ వీలునామాలో ఎక్కడా లేదు! 2015లో తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ పరీక్షలు చేసి, లూసీ జోసెఫ్ దంపతుల బిడ్డేనని, నాన్సీ లూసీ కూతురేనని చెప్పారు. చూశారా, వీలునామాలో ఉన్న నాన్సీ మనకి కావలసిన నాన్సీ కాదు, మనకి కావలసిన కూతురేమో అందులో లేనే లేదు.

కాబట్టి మీ వీలునామాలో ముగ్గురు తగ్గారని ఇంట్లో చెప్పుకునే మాట తప్పని తీర్మానించేయకండి. పెళ్లై ముందే వాటా తీసుకుని వెళ్లిన కూతురు ఉండకపోవచ్చు, తండ్రి కంటే ముందు పోయిన బిడ్డ ఉండకపోవచ్చు, దూరంగా వెళ్లిపోయినవాడు ఉండకపోవచ్చు. పెద్దకొడుకు ఐదు షిల్లింగులూ అలాంటిదే. చాలామంది దాన్ని చూసి తండ్రీకొడుకులకి గొడవ అనుకుంటారు. ఒక్కోసారి నిజమే, కానీ ఎక్కువగా వాడికి ఇవ్వాల్సింది ముందే ఇచ్చేశాడని అర్థం. నన్ను మర్చిపోయారని రేపు కోర్టుకి వెళ్లకుండా పేరు రాసి చిన్న మొత్తం పడేసేవాళ్లు. మీరు వీలునామా తేదీకి పది, పదిహేనేళ్లు వెనక్కి వెళ్లి డీడ్ బుక్‌లో తండ్రి నుంచి ఆ కొడుక్కి దస్తావేజు ఉందేమో చూడండి. ‘సహజమైన ప్రేమాభిమానాల కొద్దీ, ఇంకా ఐదు షిల్లింగులు పుచ్చుకుని’ అనే తరహా మాటలుంటే అది గిఫ్ట్ డీడే, మన దానపత్రంలో రాసే మాటలకి దగ్గరగానే ఉంటుంది, మీకు చూడగానే తెలిసిపోతుంది. పెళ్లైన కూతుళ్లకి కూడా అల్లుడి పేరు మీద ఇలా రాసి ఉండొచ్చు.

పెద్దకొడుకుల విషయంలో ఇంకో మెలిక ఉంది. వర్జీనియాలో వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుకుదే అనే చట్టం 1786 ఆఖరు వరకు నడిచింది. 1785లో మార్చిన చట్టం 1787 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కెంటకీ 1792 జూన్ వరకు వర్జీనియాలో భాగం కాబట్టి ఇక్కడా అదే. లింకన్ తాతగారు 1786లో పొలంలో పనిచేసుకుంటుండగా జరిగిన దాడిలో చనిపోయాడు, వీలునామా లేదు. ఆస్తి పెద్దకొడుకు మోర్డెకైకి పోయింది, చిన్నవాడు థామస్‌కి, అంటే లింకన్ తండ్రికి, ఏమీ రాలేదు. కొన్ని నెలలు ఆగి కొత్త చట్టం వచ్చాక అది జరిగి ఉంటే లింకన్ బాల్యం ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు ఆలోచిస్తుంటాను. మీ పనికి దీనివల్ల తెలిసేదేమిటంటే, వర్జీనియాలో 1787కి ముందు పోయిన ఒక తండ్రి భూమిని ఒకే ఒక్కడు అమ్ముతూ కనిపిస్తే ఆయనకి ఒక్కడే కొడుకు అనుకోకూడదు.

వీలునామా నకలు ఒక్కటే మీ దగ్గర ఉందన్నారు. మిగతా కాగితాలన్నీ తీయండి, అసలు పంట అక్కడుంది. వీలునామా రాసిన తేదీ, కోర్టులో రుజువైన తేదీ, ఈ రెండింటి మధ్యే ఆయన పోయాడు. ఆ తర్వాత ఎగ్జిక్యూటర్లు, అంటే వీలునామా అమలు చేసేవాళ్లు, బాండ్ ఇస్తారు, జామీను ఎవరు పెట్టారో చూడండి. ఆస్తికి విలువ కట్టినవాళ్ల పేర్లుంటాయి, సామాను వేలం వేస్తే ఎవరు ఏం కొన్నారో జాబితా ఉంటుంది, ఇరవై ఒకటి నిండని పిల్లలుంటే గార్డియన్ బాండ్లు ఉంటాయి, పద్నాలుగు దాటిన పిల్లలు గార్డియన్‌ని తామే ఎంచుకునేవాళ్లు, ఎవర్ని ఎంచుకున్నారో చూస్తే మేనమామ బయటపడొచ్చు. చివర్న లెక్కలు తేల్చి ఒక్కొక్కరికీ ఎంత ఇచ్చారో రాసే కాగితం ఉంటుంది, మీ ఎనిమిదిమంది అందులో కనిపించే అవకాశం ఎక్కువ. భర్త జామీనుదారుల్లో, సాక్షుల్లో భార్య అన్నదమ్ములో తండ్రో ఉండటం మామూలు. ఇందాక చెప్పిన, 1736లో పోయిన మోర్డెకై వీలునామాలో ధర్మకర్తలుగా స్నేహితులైన జోనథన్ రోబ్సన్, జార్జ్ బూన్ అని ఇద్దర్ని పెట్టుకున్నాడు. రెండో భార్య మేరీ రోబ్సన్‌ల ఇంటి పిల్ల అని వంశచరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఆస్తికి విలువ కట్టినవాళ్లలో స్క్వైర్ బూన్ ఉన్నాడు, కెంటకీకి దారి తీసిన డేనియల్ బూన్ తండ్రి. తర్వాత మోర్డెకై ఆఖరి కొడుకు బూన్‌ల పిల్లనే చేసుకున్నాడు. వీలునామా చివర్న ఉన్న పేర్లని పైపైన చదివి వదిలేస్తే ఇవేవీ దొరకవు.

మీ మేరీ పుట్టిల్లు దొరికే దారి కూడా అదే. వీలునామా సాక్షులు, జామీనుదారులు, విలువ కట్టినవాళ్లు, హద్దుల్లో ఉన్నవాళ్లు, ఈ పేర్లన్నీ రాసుకుని వాళ్ల వీలునామాలు చదవండి. మేరీ ఎవరి కూతురైతే ఆయన వీలునామాలో ‘నా కూతురు మేరీ’ పక్కన మీ మూలపురుషుడి ఇంటిపేరు ఉండాలి. అది దొరకలేదంటే ఆ తండ్రి భూమిని వారసులంతా కలిసి అమ్మిన దస్తావేజు వెతకండి, కూతుళ్లూ అల్లుళ్లూ వరసగా సంతకాలు పెడతారు, ఇలాంటి దస్తావేజు ఒక్కటి దొరికితే పది వంశవృక్షాల పెట్టు. పెళ్లి కెంటకీలో జరిగితే పెళ్లి బాండ్ ఉంటుంది, ఎక్కువగా పెళ్లికూతురు అన్నో తండ్రో పెళ్లికొడుకుతో పాటు సంతకం పెట్టేవాళ్లు. లింకన్ తల్లిదండ్రుల బాండ్ 1806 జూన్ 10న యాభై పౌండ్లకి రాశారు, రిచర్డ్ బెర్రీ అనే ఆయన సంతకం పెట్టి పక్కన గార్డియన్ అని రాశాడు, ఆ ఒక్క మాటతో పిల్ల తండ్రి పక్కన లేడని తెలుస్తుంది. పెళ్లి జూన్ 12న అయ్యింది. ఈ కాగితం చాలాకాలం దొరకలేదు, వాళ్లు కాపురమున్న హార్డిన్ కౌంటీలో వెతికారు, లేకపోయేసరికి అసలు పెళ్లే కాలేదని పుకార్లు లేచాయి. తీరా చూస్తే అది పెళ్లికూతురు ఉన్న వాషింగ్టన్ కౌంటీలో, స్ప్రింగ్‌ఫీల్డ్ కోర్టులో భద్రంగా ఉంది. అప్పటికి లింకన్ పోయి ఏళ్లయింది. తల్లిదండ్రుల పెళ్లి కాగితం ఆయన ఎప్పుడూ చూడలేదు.

కౌంటీల సంగతి ఇంకా చెప్పాలి. కెంటకీ అంతా 1776లో వర్జీనియా కింద ఒకే కౌంటీ, 1780లో జెఫర్సన్, ఫాయెట్, లింకన్ అని మూడయ్యాయి (ఆ లింకన్ వేరే, స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్ బెంజమిన్ లింకన్ పేరు మీద పెట్టారు), రాష్ట్రమయ్యేనాటికి తొమ్మిది, ఇప్పుడు 120. మనిషి కదలకుండా అదే పొలంలో ఉన్నా కాగితాలు రెండు మూడు కౌంటీల్లో ఉంటాయి. లింకన్ పుట్టిన చోటే చూడండి, అప్పుడు హార్డిన్ కౌంటీ, ఇప్పుడు లారూ కౌంటీ. మన దగ్గర జిల్లాలు విడిపోయినప్పుడు పాత రికార్డులు ఏ ఆఫీసులో ఉన్నాయో అడిగి తెలుసుకున్న అనుభవం మీకుంది కదా, ఇక్కడా ఒక్కో తేదీకి ఆ పొలం ఏ కౌంటీలో ఉందో ముందు ఒక పట్టిక వేసుకోండి. తర్వాత టెన్షన్ ఉండదు.

ఇక వర్జీనియాలో ఆ ఆస్తిపరుడి కొడుకన్న మాట. కావచ్చు. కానీ ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు ఒకే కౌంటీలో ఉండటం ఆ రోజుల్లో మామూలు, వాళ్లలో బాగా పేరున్న ఇంటికి మన మనిషిని అతికించుకోవాలని అందరికీ ఉంటుంది, వంశవృక్షాల్లో తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. సీనియర్, జూనియర్ అని రాసి ఉన్నా తండ్రీకొడుకులు కాకపోవచ్చు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దాయన్నీ చిన్నాయన్నీ అలా పిలిచేవాళ్లు. అలాగే ఆ కాలపు కాగితాల్లో సన్ ఇన్ లా అంటే భార్య మొదటి భర్త కొడుకు అయి ఉండొచ్చు, కజిన్ అంటే మేనల్లుడో అన్న కొడుకో అయి ఉండొచ్చు, ఆర్ఫన్ అంటే తండ్రి పోయిన పిల్లాడు, తల్లి బతికే ఉండొచ్చు. వీటిని ఇప్పటి అర్థంతో చదివితే చెట్టు మొత్తం తారుమారవుతుంది.

ఇద్దర్ని విడదీయడానికి పన్ను జాబితాలు చాలా బాగా పనికొస్తాయి. వర్జీనియాలో 1782 నుంచి, కెంటకీలో 1787 నుంచి ఏటా ఉంటాయి. కెంటకీ జాబితాల్లో భూమి ఏ వాగు పక్కన ఉందో, మొదట ఎవరి పేరు మీద పట్టా అయ్యిందో రాస్తారు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకడు ఒక వాగు మీద, ఇంకొకడు ఇంకో వాగు మీద పదేళ్లు వరసగా కనిపిస్తే మీ మనిషి ఎవరో తేలిపోతుంది. మగపిల్లలు పదహారు దాటగానే తండ్రి పేరు కింద అంకెగా వస్తారు, ఇరవై ఒకటి దాటాక సొంత పేరుతో వస్తారు, దాన్నిబట్టి పుట్టిన ఏడాది అంచనా కట్టొచ్చు. మీ మనిషి వర్జీనియా జాబితాలో ఏ ఏడాది ఆగిపోయాడో, కెంటకీ జాబితాలో ఏ ఏడాది మొదలయ్యాడో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత కెంటకీ డీడ్ బుక్‌లో పవర్ ఆఫ్ అటార్నీల కోసం చూడండి. వర్జీనియాలో తండ్రి పోతే కెంటకీలో ఉన్న కొడుకు అంత దూరం వెళ్లలేక, ‘నా తండ్రి ఫలానా ఆస్తిలో నా వాటా తెచ్చిపెట్టు’ అని ఎవరికో అధికారం రాసిచ్చేవాడు. తండ్రి పేరు, కౌంటీ పేరు రెండూ అందులో ఉంటాయి. నా ఉద్దేశంలో రాష్ట్రం దాటిన కుటుంబాన్ని కలపడానికి ఇంతకంటే మంచి కాగితం లేదు.

వర్జీనియాలో ఆ కౌంటీ పుస్తకాలే కాలిపోయి ఉండొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని చాలా కౌంటీలు తమ పుస్తకాల్ని రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ పంపాయి, 1865 ఏప్రిల్‌లో రిచ్‌మండే తగలబడింది. లింకన్ వాళ్ల రాకింగ్‌హామ్‌లో 1864లో పుస్తకాల్ని బండికెత్తి దాచడానికి తీసుకెళ్తుంటే దారిలో సైనికులు నిప్పు పెట్టారు, అంచులు కాలిన పుస్తకాలు కొన్ని మిగిలాయి. అలాంటి చోట పన్ను జాబితాలే గతి, వాటి ప్రతులు రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లేవి కాబట్టి బతికాయి. ఆస్తి తగాదాల కేసులు కూడా చూడాలి. కెంటకీలో ఒకే భూమి మీద ముగ్గురు నలుగురికి పట్టాలుండేవి, లింకన్ తండ్రి ఇండియానాకి వెళ్లిపోవడానికి ముఖ్య కారణం ఈ పట్టాల తలనొప్పే అని లింకనే రాశాడు. కుటుంబాలకి అది నరకమే గానీ మనకి మాత్రం ఆ కేసుల్లో సాక్షుల వాంగ్మూలాలు దొరుకుతాయి, ఎవరి వయసెంత, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ ఏడాది ఎక్కడికి వచ్చారు అన్నీ చెప్తారు. వర్జీనియా కేసుల్లో చాలావాటిని రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. మీ మూలపురుషుడు స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసి ఉంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో పెన్షన్ ఫైలు ఉండొచ్చు, భార్య బతికుండి దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఇంకా మంచిది, పెళ్లి రుజువు కోసం కొందరు ఇంటి బైబిల్‌లోంచి పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసిన పేజీ చింపి పంపారు.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ఆ వీలునామాలోనో ఆస్తి జాబితాలోనో గుర్రాలు, మంచాలు, పళ్లేల మధ్యన మనుషుల పేర్లు కనిపించవచ్చు, పక్కన వెల వేసి. ఆ కుటుంబం బానిసలుగా ఉంచుకున్నవాళ్లు వాళ్లు. ఒక తల్లిని ఒక కూతురికి, ఆ తల్లి బిడ్డని ఇంకో కొడుక్కి రాసిన వీలునామాలు నేను చదివాను, చదివాక చాలాసేపు ఇంకో పేజీ తిప్పబుద్ధి కాలేదు. మీ వియ్యపురాలికి అది కష్టంగా ఉండొచ్చు, అయినా దాచకండి, ఆ పేర్లు, వయసులు, ఎవరికి వెళ్లారో అన్నీ వరసగా రాసిపెట్టండి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల్ని యజమాని పేరు కింద వయసు, ఆడా మగా అని వేశారు, పేర్లు దాదాపుగా రాయలేదు. వాళ్లందరి పేర్లూ లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. ఇవాళ తమ పూర్వీకుల కోసం వెతుక్కుంటున్న వాళ్ల వారసులకి మీ చేతిలోని ఆ పేజీ తప్ప ఇంకే ఆధారమూ ఉండకపోవచ్చు. రాసుకున్నాక ఆ కౌంటీ చరిత్ర సంఘానికి ఒక ప్రతి ఇవ్వండి.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని ఇంట్లో పిల్లలు అంటారు. చేయించండి, నష్టం లేదు, మీ వియ్యపురాలు ఆ తరానికి అందరికంటే దగ్గర కాబట్టి ఆవిడతోనే చేయించండి. కానీ రెండు వందల ఏళ్ల దూరంలో అది ఒంటరిగా ఏమీ చెప్పదు, కాగితాలతో కలిపి చూసినప్పుడే ఉపయోగం.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఇంట్లోంచే. ఫ్యామిలీసెర్చ్ అనే సైట్ ఉచితం, మోర్మన్ చర్చి వాళ్లది, కెంటకీ, వర్జీనియా కౌంటీల విల్ బుక్‌లూ డీడ్ బుక్‌లూ బోలెడు స్కాన్ చేసి పెట్టారు. అందులో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అని ఈ మధ్య వచ్చింది, చేతిరాతని కంప్యూటరే చదివి వెతుకుతుంది, సాక్షిగా సంతకం పెట్టినవాళ్ల పేర్లు కూడా దొరుకుతాయి, ఇండెక్సుల్లో ఇవి ఎప్పుడూ ఉండేవి కావు. కాకపోతే కంప్యూటర్ పేరుని తప్పుగా చదువుతుంది, స్పెల్లింగ్ అప్పట్లో ఎవరిష్టం వాళ్లది, అందుకని నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. కొన్ని పేజీలు ఇంట్లో తెరుచుకోవు, దానికి అనుబంధంగా ఉన్న పబ్లిక్ లైబ్రరీకి వెళ్తే తెరుచుకుంటాయి. మొదటి పట్టాలు కెంటకీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ల్యాండ్ ఆఫీసు సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కోర్టు కేసుల ఫైళ్లకి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, అక్కడే కెంటకీ చరిత్ర సంఘం లైబ్రరీ కూడా ఉంది, ఒక్క రోజులో రెండూ చూసుకోవచ్చు.

మీ దగ్గరున్న నకలు ఎవరో టైప్ చేసిందా, విల్ బుక్ పేజీ ఫోటోనా అన్నది ఉత్తరంలో లేదు. టైప్ చేసిందైతే ముందు విల్ బుక్ పేజీ చూడండి, టైప్ చేసినవాళ్లు ఒక కూతురి పేరు వదిలేయడం, సాక్షుల్ని తీసేయడం నేను చాలాసార్లు చూశాను. కౌంటీ క్లర్క్ ఆఫీసుకి వెళ్తే ఎస్టేట్‌కి సంబంధించిన విడి కాగితాలేమైనా మిగిలాయా అని అడగండి, పుస్తకంలో ఉన్నది క్లర్క్ ఎక్కించిన నకలు, ఆయన చేత్తో సంతకం పెట్టిన అసలు కాగితం విడిగా ఉండే వీలుంది. మీ ఉద్యోగం సంగతి కూడా వాళ్లకి చెప్పండి, అలాంటి ఆఫీసులో పనిచేసినవాళ్లంటే వాళ్లకీ అభిమానం ఉంటుంది.

మీ వియ్యపురాలికి త్వరగా ఏదైనా చెప్పాలన్నారు కదా. ఆయన మొదట పన్ను కట్టిన ఏడాది, పొలం ఉన్న వాగు పేరు, పక్క పొలాల వాళ్ల పేర్లు, ఇవి వారం పది రోజుల్లో మీకు దొరుకుతాయి, అందులో సందేహం లేనివి ముందు చెప్పండి. ఆవిడకి ఓపికుంటే ఆ వాగు దగ్గరికి కారులో తీసుకెళ్లండి. సాక్షుల పేర్లూ జామీనుదారుల పేర్లూ నాకు రాసి పంపండి, వాళ్లలో మేరీ పుట్టింటివాళ్లు ఎవరై ఉండొచ్చో కలిసి చూద్దాం.